తక్కువ ధర స్ట్రాటోకాస్టర్ కొనేవాళ్లకు హెచ్చరిక: డబ్బు కట్టే ముందు గిటార్ వెనకవైపు ఫొటో అడగండి

స్ట్రాటోకాస్టర్, టెలికాస్టర్, లెస్ పాల్ లాంటి పేరున్న ఎలక్ట్రిక్ గిటార్లలో చవక రూపం ఏదైనా కొనాలనుకుంటున్నవాళ్లు దయచేసి ఇది చదవండి. పై తరగతి గిటార్ బొమ్మ చూపించి, పెట్టెలో కింది తరగతి గిటార్ పెట్టి పంపే అమ్మకందారు ఒకరు నాకు తగిలారు. నిలదీస్తే వచ్చిన జవాబు: "అదే కంపెనీ, అదే ఆకారం. తేడా ఏముంది?"

చాలా ఉంది. స్ట్రాటోకాస్టర్, టెలికాస్టర్‌లు చేసే ఫెండర్ కంపెనీ చవక గిటార్లు 1982 నుంచి స్క్వయర్ పేరుతో వస్తున్నాయి. లెస్ పాల్ చేసే గిబ్సన్ కంపెనీ చవక గిటార్లు ఎపిఫోన్ పేరుతో వస్తాయి. ఇంతవరకు దాపరికం ఏమీ లేదు, అందరికీ తెలిసిన ఏర్పాటే. చిక్కు ఆ కింద మొదలవుతుంది. స్క్వయర్‌లో మళ్లీ సోనిక్, అఫినిటీ, క్లాసిక్ వైబ్ అని వరసలున్నాయి. మూడింటిలోనూ స్ట్రాటోకాస్టర్ ఉంది. ఎదురుగా నిలబెట్టి తీసిన ఫొటోలో మూడూ కవల పిల్లల్లా కనిపిస్తాయి. సోనిక్, అఫినిటీల్లో సన్నని బాడీ, సెరామిక్ అయస్కాంతాల పికప్‌లు (తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగాలు) ఉంటాయి. క్లాసిక్ వైబ్‌లో ఆల్నికో అనే మిశ్రమ లోహపు అయస్కాంతాల పికప్‌లు ఉంటాయి, బాడీ కూడా పాత కొలతలకు దగ్గరగా ఉంటుంది. ధరలో తేడా గట్టిగానే ఉంటుంది. వరస పేరు మింగేసి ఉత్త "స్ట్రాటోకాస్టర్" అని రాసి అమ్మేవాళ్లకు ఆ తేడాయే లాభం.

నేను చూసిన ప్రకటనలో ఆల్నికో పికప్‌లు, పూర్తి మందం బాడీ, "సెటప్ చేసి పంపుతాం" (అంటే తీగల ఎత్తు, శ్రుతి సరిచేసి) అన్న మాటలు స్పష్టంగా ఉన్నాయి. వచ్చిన గిటార్‌ను పక్కనుంచి చూస్తేనే సన్నగా ఉంది. స్ట్రాటోకాస్టర్ బాడీ మందం మామూలుగా 44, 45 మిల్లీమీటర్లు ఉంటుంది. దీనికి స్కేలు పెడితే 40 దగ్గరే ఆగిపోయింది. పికప్‌ల సంగతి తేల్చాలంటే పిక్‌గార్డ్ (బాడీ ముందువైపు బిగించే పలక) ఎత్తి అడుగు చూడాలి. ఆల్నికో రకంలో సాధారణంగా ఒక్కో తీగ కింద ఉండే కడ్డీయే అయస్కాంతం. సెరామిక్ రకంలో ఉక్కు కడ్డీల అడుగున పట్టీలాంటి అయస్కాంతం అతికించి ఉంటుంది. అయితే తిరిగి పంపే విషయం తేలేదాకా ఒక్క స్క్రూ కూడా తిప్పకండి. "మీరే విప్పి పాడుచేశారు" అనడానికి వాళ్లకు అంత సందు చాలు. నా వాదనకు స్కేలు పక్కన పెట్టి తీసిన ఫొటో సరిపోయింది.

బాడీ ఏ కలపతో చేశారన్న వాదనల్లోకి నేను దిగను, వాటికి అంతు లేదు. మందం గురించి పట్టుబట్టడానికి కారణం వేరే ఉంది. తీగలను బాడీ దగ్గర పట్టి ఉంచుతూ, మీట నొక్కితే స్వరాన్ని ఊపే ట్రెమొలో బ్రిడ్జ్ అడుగున స్ప్రింగులు తగిలించే లోహపు దిమ్మ ఒకటి ఉంటుంది. సన్నని బాడీలో అది పొట్టిగా ఉండక తప్పదు. రేపు మంచి బ్రిడ్జ్ కొని బిగిద్దామనుకుంటే దాని పూర్తి పొడవు దిమ్మ వెనకనుంచి బయటికి పొడుచుకు వస్తుంది. చవక గిటార్ కొనేవాళ్లలో చాలామంది ఆలోచన "ఇప్పటికి ఇది, తర్వాత భాగాలు ఒక్కొక్కటే మారుస్తాను" అనే కదా. ఆ దారి ఇక్కడ మొదట్లోనే మూసుకుపోతుంది. లోపలి వాల్యూమ్, టోన్ కంట్రోళ్లు కూడా చిన్న సైజువైతే, పెద్దవి పెట్టడానికి రంధ్రాలు వెడల్పు చేసుకోవాలి.

లెస్ పాల్ తరహా చూస్తున్నవాళ్లకు గుర్తు ఇంకా సులువు. 1952లో వచ్చిన అసలు లెస్ పాల్‌కు నెక్‌ను (చేత్తో పట్టుకునే పొడవాటి కాడను) బాడీకి జిగురుతో అతికించారు. ఎపిఫోన్ లెస్ పాల్ స్టాండర్డ్‌లోనూ అంతే. కింది వరసలో వచ్చిన స్పెషల్ టూలో మాత్రం నెక్‌ను స్క్రూలతో బిగించారు. వెనక ఫొటోలో నాలుగు స్క్రూలు కనిపించాయంటే ముందువైపు ఎంత మెరిసినా అది స్టాండర్డ్ కాదు. స్క్రూలు నామోషీ ఏమీ కాదు లెండి. లియో ఫెండర్ 1950లో తన మొదటి సాలిడ్ బాడీ గిటార్లకు నెక్‌ను స్క్రూలతోనే బిగించాడు, ఫెండర్ వాళ్ల స్ట్రాటోకాస్టర్లలో ఇప్పటికీ ఆ పద్ధతే. అడుగుతున్నది ఒక్కటే: డబ్బు ఏ రకానికి కట్టామో ఆ రకం రావాలి.

ఇక "సెటప్ చేసి పంపుతాం" సంగతి. ఫ్రెట్ల (నెక్ మీద అడ్డంగా బిగించే లోహపు పట్టీల) చివరలు నెక్ అంచు దాటి బయటికి వచ్చి అరచేతికి గీసుకుంటున్నాయి. పొడి గాలిలో చాలాకాలం ఉంచితే కలప కుంచించుకుపోతుంది, లోహం అలాగే ఉంటుంది. నట్‌లో (నెక్ పైకొసన తీగలు ఆనే పట్టీలో) గాళ్లు సరిపడా లోతు లేవు. దాంతో మొదటి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కాలంటే ఎక్కువ దూరం వంచాలి, అది సాగి స్వరం పైకి పోతుంది. ఖాళీ తీగలు చక్కగా శ్రుతిలో ఉంటాయి, మొదటి ఫ్రెట్ దగ్గర నొక్కే ఎఫ్ కార్డ్ (కలిపి మోగించే స్వరాలు) పట్టగానే అపస్వరం. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇది తమ వేళ్ల లోపమే అనుకుని నెలల తరబడి కుస్తీ పడి, చివరికి గిటార్‌ను మూలన పెట్టేస్తారు. నాకు అన్నింటికంటే కోపం తెప్పించింది ఇదే. 17వ ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు స్ట్రాటోకాస్టర్‌కు సుమారు 1.6 మిల్లీమీటర్లు ఉండాలని ఫెండర్ సూచిస్తుంది. దీనికి దాదాపు రెట్టింపు ఉంది. ఎందుకు అంత ఎత్తున వదిలేశారో తీగలు దించాక అర్థమైంది. మధ్యలో ఒక ఫ్రెట్ మిగతావాటికంటే ఎత్తుగా ఉంది. దాని ముందు ఫ్రెట్ దగ్గర నొక్కితే తీగ ఆ ఎత్తు ఫ్రెట్‌కు తగిలి బరబరమంటోంది. ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిచేసే లోపలి కడ్డీ) తిప్పితే పోయే జబ్బు కాదిది, ఫ్రెట్లు అరగదీయించాలి. ఆ పనికి, కొత్త నట్‌కు కలిపి మరమ్మతు చేసే ఆయన చెప్పిన ఖర్చు గిటార్ ధరకు జోడిస్తే పై వరస గిటారే వచ్చేస్తుంది.

దీనికి అమ్మకందారు సమాధానం "ఈ ధరకు ఇంతే". నేను ఒప్పుకోను. కంప్యూటర్ నడిపే యంత్రాలు కలప కోస్తున్న ఈ రోజుల్లో కింది వరసలోనూ నికార్సయిన గిటార్లు దొరుకుతున్నాయి, వాయించి చూశాను. నష్టపరిహారంగా ఒక కేబుల్, భుజం పట్టీ పంపుతామన్నారు. వద్దని, చెల్లింపు సంస్థకు ఫిర్యాదు పెట్టాను. అది ఇంకా నడుస్తోంది. ఫిర్యాదు వెళ్లాక ప్రకటనలో "పూర్తి మందం" పోయి "మోయడానికి తేలికైన బాడీ" వచ్చింది! పాత పేజీని నేను ముందే ఫొటో తీసి దాచుకోబట్టి సరిపోయింది. డబ్బు కట్టే ముందు మీరూ ఆ పని చేయండి.

అమ్మేవారిని వరస పేరుతో సహా పూర్తి మోడల్ పేరు, సీరియల్ నంబరు రాతపూర్వకంగా అడగండి. మీకు పంపబోయే గిటార్ ఫొటోలే కావాలని చెప్పండి: వెనకవైపు, నెక్ అతుకు, పక్కన స్కేలు పెట్టిన బాడీ అంచు. సీరియల్ నంబరు ఒక్కటే చూసి నమ్మకండి, నకిలీలు చేసేవాళ్లు దాన్నీ అచ్చు వేస్తారు. ఎపిఫోన్ ధరకే గిబ్సన్ ఇస్తామని ఎవరైనా అంటే హెడ్‌స్టాక్ (నెక్ చివరి తల భాగం) మీది ట్రస్ రాడ్ మూత చూడండి. గిబ్సన్ మూతకు రెండు స్క్రూలు ఉంటాయి, మూడు కనిపిస్తే అనుమానించండి. తిరిగి పంపాల్సి వస్తే రవాణా ఖర్చు ఎవరిదో కూడా ముందే రాయించుకోండి. గిటార్ పెట్టె పెద్దది, ఆ ఖర్చుకు జంకి జనం ఊరుకుంటారని వాళ్లకు బాగా తెలుసు.