మహబూబ్‌నగర్‌లో మేం వెళ్తున్న పిల్లల కౌన్సెలింగ్ సెంటర్ ఎలా ఉందంటే

న్యూటౌన్ వైపు ఉన్న ఈ సెంటర్‌కు ఎండాకాలం నుంచి మా బాబును తీసుకెళ్తున్నాం. వాడికి ఆరేళ్లు. మేం పుణెలో బిల్డింగ్ పనుల్లో ఉన్నన్నాళ్లూ కోస్గి దగ్గర ఊళ్లో మా అత్తమ్మ దగ్గరే పెరిగాడు. తిరిగొచ్చి జడ్చర్లలో కాపురం పెట్టి వాడిని తెచ్చుకున్నాక, బడిలో పిల్లల్ని కొరకడం, ఇంట్లో గిన్నెలు విసరడం మొదలుపెట్టాడు. ‘అవ్వ గారాబం చేసి చెడగొట్టింది’ అని అందరూ అన్నారు.

ఇక్కడి మేడం ఆ మాట ఒప్పుకోలేదు. వాడికి ఇన్నాళ్లూ అమ్మా నాన్నా అవ్వే, మీరింకా కొత్తవాళ్లే, ఆ భయమే అలా బయటికొస్తోంది అన్నారు. వినడానికి కష్టమైనా నిజం. అవ్వను కూడా పిలిపించి మాట్లాడారు, ఆదివారాలు ఆమె దగ్గరికి తీసుకెళ్లమన్నారు.

నాకు బాగా నచ్చింది ఆట. 1970ల్లో షీలా ఐబర్గ్ అనే అమెరికా సైకాలజిస్ట్ తయారుచేసిన పద్ధతిలోదట. రోజూ ఐదు నిమిషాలు వాడు ఎలా ఆడితే మనం అలా ఆడాలి. ప్రశ్నలు వేయొద్దు, ఇలా చెయ్ అనొద్దు, తప్పులు దిద్దొద్దు. వాడు చేసేది చూసి చెప్పాలి, బాగుంటే మెచ్చుకోవాలి. మా ఆయన బ్లాకుల ముందు కూర్చోగానే ‘ఇదేం రంగురా?’ అన్నారు. మేడం ఆపారు. కాసేపు ఏం మాట్లాడాలో తోచక, చివరికి ‘ఎర్రదాని మీద పచ్చది పెడుతున్నావ్’ అన్నారు. బాబు తలెత్తి ఆయన ముఖంలోకి చూసి, ఒక బ్లాకు తీసి ఆయన చేతిలో పెట్టాడు.

ఫోన్ గొడవ గురించి కూడా వివరంగా చెప్పారు. వాడు అరిస్తే ఫోన్ ఇస్తాం, అరిస్తే దొరుకుతుందని వాడికి అర్థమవుతుంది. మనం అరిస్తే వాడు కాసేపు ఊరుకుంటాడు, అరుపే పనిచేస్తుందని మనకూ అలవాటవుతుంది. అలా ఇద్దరి గొంతూ రోజురోజుకూ పెరుగుతుంది. మా ఇంట్లో అచ్చం అదే జరిగేది. ఇప్పుడు ఫోన్ ఎప్పుడిస్తామో ముందే చెప్తున్నాం, ఏడ్చినా మాట మార్చడం లేదు. మొదట్లో ఏడుపు ఇంకా ఎక్కువైంది, అలా అవుతుందని మేడం ముందే చెప్పారు కాబట్టి తట్టుకున్నాం.

కొరకడం ఆగింది. విసరడం ఇంకా ఉంది, ముఖ్యంగా రాత్రి నిద్ర ముంచుకొచ్చే వేళ.

శనివారం బాగా రద్దీ, కూర్చునే చోటు ఇరుకు. ఒకసారికి ఆరు వందలు, కూలికి పోయేవాళ్లకు అది పెద్ద మొత్తమే. పాలమూరులో పిల్లల్ని అవ్వల దగ్గర వదిలి వలస పోయే ఇళ్లు ఎన్నో, వాళ్లకే ఇది ఎక్కువ అవసరం. అంత పెట్టుకోలేనివాళ్లు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కు ఫోన్ చేయండి, అది ఉచితం, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు. సెంటర్‌కే వెళ్తే ముందు ఫోన్ చేసి టైమ్ తీసుకోండి, పిల్లల నాన్నను కూడా తప్పకుండా వెంట తీసుకెళ్లండి.