పూల లోయకు వానాకాలపు ట్రెక్ ప్యాకేజీ: గైడుకు పూర్తి మార్కులు, ప్రణాళికకు సగమే

ఉత్తరాఖండ్‌ చమోలీ జిల్లాలోని పూల లోయ, అంటే వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్ జాతీయ ఉద్యానవనం, జూన్ 1 నుంచి అక్టోబరు 31 వరకు తెరిచి ఉన్నప్పటికీ, పూలు నిండుగా కనిపించేది జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య వరకే. కొండచరియలు విరిగిపడే కాలం కూడా సరిగ్గా అదే. ఈ ప్రయాణంలోని చిక్కంతా ఇక్కడే ఉంది కనుక, ట్రెక్ నిర్వహించే సంస్థను ఎంచుకునేటప్పుడు వాన ఒక రోజును మింగేస్తే ఆ సంస్థ ఏం చేస్తుందన్నది ముందుగా తెలుసుకోవాలి. ఋషీకేశ్ నుంచి బయలుదేరి తిరిగి అక్కడికే చేర్చే ఆరు రోజుల ప్యాకేజీలో మేము వెళ్ళి వచ్చాము. సంస్థ పేరు ఇక్కడ ప్రస్తావించడం లేదు. చాలా సంస్థలు దాదాపు ఇదే పట్టికను అమ్ముతున్నాయి కాబట్టి ఈ సమీక్ష వాటికీ వర్తిస్తుంది.

పట్టిక ఇలా ఉంటుంది. మొదటి రోజు ఋషీకేశ్ నుంచి జోషీమఠ్ మీదుగా గోవింద్‌ఘాట్ వరకు వాహనంలో, రెండో రోజు పుల్నా దాకా జీపులో వెళ్ళి అక్కడి నుంచి సుమారు 10 కిలోమీటర్లు నడిచి, రెండు దారులకూ బస అయిన ఘాంఘరియాకు, మూడో రోజు పూల లోయకు, నాలుగో రోజు సిక్కుల పుణ్యక్షేత్రమైన హేమకుండ్ సాహిబ్‌కు, ఆఖరి రెండు రోజులు తిరుగు ప్రయాణం. కాగితం మీద ఇందులో లోపం కనబడదు. లోయను ముందు, హేమకుండ్‌ను తరువాత పెట్టడం నిజంగా మెచ్చుకోదగిన నిర్ణయం. ఘాంఘరియా దాదాపు 3,000 మీటర్ల ఎత్తున ఉంటే హేమకుండ్ 4,000 మీటర్లు దాటి ఉంది. ఆ ఆరు కిలోమీటర్ల నిటారు దారి ఎక్కే ముందు శరీరం ఆ గాలికి కొంత అలవాటు పడటానికి ఒక రోజు దొరుకుతుంది.

లోపమల్లా ఒక్కటే: ఈ ఆరు రోజుల్లో ఖాళీ రోజు లేదు. వెళ్ళేటప్పుడే బదరీనాథ్ జాతీయ రహదారిపై ఒకచోట చరియ విరిగిపడి, రాళ్ళు తొలగించేసరికి చీకటి పడింది. రాత్రివేళ ఆ దారిలో వాహనాలను సాధారణంగా వదలరు గనుక దారిలోనే ఆగిపోయాము. మరునాడు సంస్థ ప్రతినిధి ఫోన్‌లో చెప్పినదాని సారాంశం, లోయ, హేమకుండ్‌లలో ఒకదాన్ని ఎంచుకోమని. అదనపు రోజుకు డబ్బు చెల్లిస్తామన్నా వెనుక వచ్చే బ్యాచ్‌కు అవే గదులు ఇచ్చేశామన్నారు. బృందం లోయనే ఎంచుకుంది. బుక్ చేసుకునే సమయంలో చూపిన నిబంధనల్లో 'ప్రకృతి కారణాల వల్ల మార్పులు జరగవచ్చు' అన్న ఒక్క వాక్యం తప్ప, వదులుకున్న రోజుకు ఏమిస్తారన్నది ఎక్కడా లేదు. ఏటా జరిగేదాన్ని ఊహించని ఆపదగా చూపడం నాకు న్యాయంగా తోచలేదు.

ఇక గైడు సంగతి. చమోలీ ప్రాంతానికే చెందిన ఆయన లేకపోతే ఈ సమీక్ష ఇంకా కటువుగా ఉండేది. రాత్రి బస లోయలో నిషిద్ధం, సాయంత్రానికల్లా బయటపడాలి. అందుకని ప్రవేశద్వారం తెరిచే వేళకే మమ్మల్ని అటవీశాఖ చౌకీ దగ్గర నిలబెట్టారు. ఉదయం మబ్బు కాస్త తేలికగా ఉంటుందనీ, మధ్యాహ్నానికి లోయంతా పొగమంచు కమ్ముతుందనీ ఆయన చెప్పినట్టే జరిగింది. పుష్పావతి నది మీది వంతెన దాటాక భోజపత్ర వృక్షాల మధ్య దారి ఎక్కుతుంది. ఆ చెట్ల బెరడు పొరలు పొరలుగా లేచి వానకు తడిసి రాగిరంగులో మెరుస్తుంటే, ఊడబెరకవద్దని మా వాళ్ళను మందలించారు. కాశీతుమ్మ జాతికి చెందిన గులాబీరంగు మొక్కలు మనిషెత్తున పెరిగిన చోట, పండిన కాయను వేలికొనతో తాకమన్నారు; అది చిట్లి గింజలు చేతి మీదకు ఎగిరాయి. పడగ విప్పిన పాములా ఉండే కోబ్రా లిల్లీని పొదల అడుగున వెతికి చూపించారు.

అన్నిటికన్నా విలువైనది, పూలు కాని వాటి గురించి ఆయన చెప్పిన మాట. లోయలో కొన్ని వాలుల మీద తెల్లని పూగుత్తులతో దట్టంగా అల్లుకుపోయిన పాలీగోనమ్ మొక్క చిన్న పూలమొక్కలకు వెలుగు అందనివ్వదు. అటవీశాఖ కూలీలతో దాన్ని పీకిస్తూ ఉంటుంది. 1982లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించాక పశువుల మేత ఆగిపోవడం వల్లే ఇది పెరిగిందనేవారు ఉన్నారు, కాదనేవారూ ఉన్నారు. 1931లో కామెట్ శిఖరం ఎక్కి తిరిగి వస్తూ బ్రిటిష్ పర్వతారోహకుడు ఫ్రాంక్ స్మైత్ బృందం వానల్లోనే ఈ లోయలోకి దిగిందని కూడా ఆయనే గుర్తుచేశారు. 1939లో ఇక్కడే మొక్కలు సేకరిస్తూ జారిపడి మరణించిన బ్రిటిష్ వృక్షశాస్త్రజ్ఞురాలు జోన్ మార్గరెట్ లెగ్ సమాధి దాకా నడిపించి, తిరుగు సమయం లెక్కగట్టి అక్కడి నుంచి వెనక్కి తిప్పారు. బ్రహ్మకమలం మాత్రం చూడలేదు; అది ఎక్కువగా హేమకుండ్ వైపు ఎత్తుల్లో కనిపిస్తుంది, అటు వెళ్ళే రోజే మాకు దక్కలేదు కదా.

సామగ్రి విషయంలో పెద్దగా చెప్పేదేమీ లేదు. అద్దెకిచ్చిన పోంచోల కుట్ల దగ్గర నీరు కారింది. సొంత రెయిన్‌కోటు, బ్యాగుకు కవరు, పట్టు బాగా ఉన్న బూట్లు, రెండు జతల అదనపు మేజోళ్ళు తీసుకువెళ్ళడం మంచిది. ఘాంఘరియాలో తడిసిన బట్ట ఆరదు, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకూడదు. భోజనం సాదాగా, వేడిగా ఉంది. బరువు మోయడానికి ఘాంఘరియా వరకు కంచరగాడిదలు దొరుకుతాయి గాని లోయలోకి వాటిని అనుమతించరు; నడవలేని పెద్దలను వీపుబుట్టలో మోసుకెళ్ళే మనుషులు ఉన్నారు, వారితో ధర ముందే మాట్లాడుకోవాలి. హేమకుండ్ యాత్రకు ఉత్తరాఖండ్ పర్యాటక శాఖ రిజిస్ట్రేషన్ అవసరమన్న సంగతి సంస్థ ముందుగానే చెప్పి, ఆ పని తానే చేసిపెట్టింది.

జూలై, ఆగస్టుల్లో వెళ్ళదలచినవారు ఈ రకం ప్యాకేజీని ఇప్పుడున్న రూపంలో తీసుకోవద్దనే చెబుతాను. ఘాంఘరియాలో ఒక రాత్రి అదనంగా కలిపి ఏడు రోజులకు రాసివ్వమని అడగండి. ఆ రోజు ఆలస్యాలకు ఖర్చు కాకపోతే లోయకు రెండోసారి వెళ్ళవచ్చు. తిరుగు రైలునో విమానాన్నో ఋషీకేశ్ చేరిన మరునాటికి కాక, ఆ పై రోజుకు పెట్టుకోండి. ఏ రోజు ఏది రద్దయితే ఎంత తిరిగి ఇస్తారో రాతపూర్వకంగా ఇవ్వడానికి సంస్థ వెనకాడితే, ఘాంఘరియాలో గది మీరే మాట్లాడుకుని, గైడును మాత్రం స్థానికంగా కుదుర్చుకోవచ్చు.