నాన్నగారి ఫోన్‌లో కాల్ స్క్రీనింగ్: మూడు నెలల వాడకం తర్వాత

మా నాన్నగారికి డెబ్బై నాలుగేళ్లు. మధ్యాహ్నం భోజనం చేసి నడుం వాల్చే వేళకు సరిగ్గా, పర్సనల్ లోన్ కావాలా అని ఒకరు, ఊరి చివర వెంచర్‌లో ప్లాట్లు ఉన్నాయని మరొకరు ఫోన్ చేసేవారు. అయినవాళ్లెవరైనా చేశారేమోనని ఆయన మోకాళ్ల నొప్పితోనే లేచి రావడం, విసుగుతో పెట్టేయడం చూడలేక మూడు నెలల క్రితం ఆయన ఫోన్‌లో కాల్ స్క్రీనింగ్ ఆన్ చేశాను.

కాంటాక్టుల్లో లేని నంబరు నుంచి కాల్ వస్తే ఆ ఫోన్ వెంటనే మోగదు. ముందుగా ఒక యంత్రస్వరం అవతలివారి పేరు, పని అడుగుతుంది. వారు చెప్పిన మాటలు తెరపై అక్షరాలుగా కనిపించాక, ఎత్తాలో వద్దో మనం తేల్చుకోవచ్చు. అమ్మకాల కోసం చేసేవారిలో ఎక్కువమంది ఆ ప్రశ్న వినగానే పెట్టేస్తున్నారు. పోలీసులమని, మీ పేరున వచ్చిన పార్సిల్‌లో మత్తుమందులు దొరికాయని బెదిరించే మోసగాళ్ల మాటల్లో పడకముందే ఆయనకు ఆలోచించుకునే వ్యవధి దొరకడం, నా దృష్టిలో, మధ్యాహ్నం నిద్ర కంటే విలువైనది.

ప్రచార కాల్స్ వద్దని నమోదు చేసుకునే డీఎన్‌డీ (డు నాట్ డిస్టర్బ్) ఉండగా ఇదెందుకని కొందరు అడిగారు. 1909 నంబరు ద్వారా ఆ నమోదు మేము ముందే చేయించాం. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనలను పాటించే సంస్థలు ప్రచార కాల్స్‌ను 140తో మొదలయ్యే నంబర్ల నుంచే చేయాలి కనుక వాటికి ఆ నమోదు పనికివస్తుంది. నమోదు లేని టెలిమార్కెటర్లు మాత్రం మామూలు పది అంకెల నంబర్ల నుంచి చేస్తారు. వారిపై ఫిర్యాదుకు ఉన్న 3 రోజుల గడువును 2025 ఫిబ్రవరిలో 7 రోజులకు పెంచారు. మంచి మార్పే, కానీ ఫిర్యాదు చేసేది ఫోన్ మోగి నిద్ర చెడిన తర్వాతే కదా. స్క్రీనింగ్ ఆ మోగడాన్నే ఆపుతుంది.

అసలు ఇబ్బంది భాషతో వచ్చింది. మా ఫోన్‌లోని యంత్రస్వరం ఇంగ్లీషులోనే అడుగుతుంది. గ్యాస్ సిలిండర్ తెచ్చిన అబ్బాయి గుమ్మం కింద నిలబడి, కోడ్ అడగడానికి తన సొంత నంబరు నుంచి చేసి, ఇంగ్లీషు వినబడగానే రాంగ్ నంబరనుకుని పెట్టేశాడు. సిలిండర్ వెనక్కి వెళ్లిపోయింది. ఊళ్లో మా పెద్దమ్మ పక్కింటివాళ్ల ఫోన్ నుంచి రెండుసార్లు చేసి, ఎవరో దొరసాని మాట్లాడుతోందని ఊరుకుంది. ఆమె చేసింది కుశలం అడగడానికే కాబట్టి సరిపోయింది; అదే ఆపద కబురై ఉంటే అన్న ఆలోచన నన్ను చాలాసేపు కలతపెట్టింది.

అప్పటినుంచి గ్యాస్ అబ్బాయి, పాలవాడు, మందుల దుకాణం, పెద్దమ్మ పక్కిల్లు, అందరి నంబర్లూ సేవ్ చేశాం. తెలియని నంబర్లను పూర్తిగా మూగబరిచే ఎంపిక జోలికి పోకుండా, కారణం అడిగే ఎంపికనే ఉంచాం. సాయంత్రం ఒకసారి మిస్డ్ కాల్స్ చూసి, ఒకే నంబరు రెండుసార్లు కనిపిస్తే మేమే తిరిగి చేస్తున్నాం.

ఇంగ్లీషు చదవగలిగి, రోజూ ఇలాంటి కాల్స్‌తో వేసారిన పెద్దలకు దీన్ని నిస్సంకోచంగా సూచిస్తాను. తెలుగు తప్ప వేరే భాష రాని మా అత్తయ్య ఫోన్‌లో మాత్రం, ఆ స్వరం తెలుగులో పలికే రోజు వచ్చేదాకా, 1909 నమోదుతోనే సరిపెడుతున్నాను.