ఆడదూడల సూది: మా కొట్టంలో ఇన్నేళ్లు వాడాక

హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకరజాతి ఆవుకు కోడెదూడ పుడితే మా వైపు ఇంట్లో ఎవరూ సంబరపడరు. దున్నడానికి ట్రాక్టర్ ఉంది. ఆ కోడె కాడికి పనికిరాదు, ఎండకు ఆగదు, కొనేవాడూ ఉండడు. అందుకే సెక్స్ సార్టెడ్ సెమెన్, అంటే ఆడదూడే పుట్టేలా వేరు చేసిన వీర్యం, పలమనేరు చుట్టుపక్కలకు వచ్చిందని తెలిసిన కొత్తలోనే తీసుకున్నాం. మా ఊళ్లో దానికి ఆ పేరు ఎవరూ వాడరు, ‘ఆడదూడల సూది’ అంటారు. మా కొట్టంలో ఎనిమిది, పది ఆవులుంటాయి. ఒకటి రెండు జెర్సీ, మిగతావి హెచ్‌ఎఫ్ సంకరం. ఈ సూదితో పుట్టిన పెయ్యలు ఇప్పుడు ఈని పాలిస్తున్నాయి కాబట్టి నాలుగు మాటలు ధైర్యంగా రాయొచ్చనిపించింది.

ఆడదూడ ఇస్తుందన్న మాట నిజమే. నూటికి తొంభై అని చెబుతారు, మా అనుభవమూ దాదాపు అలాగే ఉంది. అప్పుడప్పుడు ఒక కోడె పుడుతుంది, దానికి ఎవరినీ తిట్టుకోనక్కర్లేదు. చూడి కట్టడంలో మాత్రం మామూలు సూది కంటే వెనకబడుతుంది. కొన్నవాళ్లలో సగం మందికి కోపం వచ్చేది ఇక్కడే.

ఎందుకు వెనకబడుతుందో తెలిస్తే కోపం కొంత తగ్గుతుంది. ఆడదూడనిచ్చే వీర్యకణంలో డీఎన్‌ఏ మగదూడనిచ్చే దానికంటే సుమారు 4 శాతం ఎక్కువ. కణాలకు రంగు పట్టించి, లేజర్ ముందు నుంచి ఒక్కొక్కటిగా పంపించి, ఆ తేడాను బట్టి యంత్రం వేరు చేస్తుంది. ఇంత నలిగాక కణాలు గర్భసంచిలో ఎక్కువసేపు బతకవు. పైగా మామూలు స్ట్రాలో (వీర్యం నింపిన సన్నని గొట్టం) 2 కోట్ల కణాలుంటే ఇందులో వేసేది సుమారు 20 లక్షలే. అండం విడుదలయ్యే వేళకు కణాలు సిద్ధంగా ఉండాలి. ముందుగా వేస్తే అండం వచ్చేసరికి అవి చచ్చిపోతాయి, ఆలస్యమైతే అండం పాడైపోతుంది.

కాబట్టి నా లెక్కలో ఈ సూది పనితనం సగం స్ట్రాలో ఉంది, సగం ఎద గుర్తించే మనిషి కళ్లలో ఉంది. మామూలు సూదికి పొద్దున ఎదకొస్తే సాయంత్రం, సాయంత్రం వస్తే మర్నాడు పొద్దున అని అందరికీ తెలిసిన పద్ధతి. దీనికి ఇంకాస్త ఆగాలి. ఎద మొదలైన 16 గంటల తర్వాత, 24 గంటల లోపల వేయిస్తే మాకు బాగా నిలుస్తోంది. అసలు తంటా ఆ ‘మొదలైన’ అన్న మాటతోనే. రోజంతా పలుపుతో కట్టేసి ఉంచే ఆవు ఎదకొచ్చినట్టు ఎలా తెలుస్తుంది? కొన్ని అరుస్తాయి, మేత వదిలేస్తాయి, పాలు తగ్గిస్తాయి. మూగ ఎద ఆవులకు ఇవేవీ ఉండవు. మేం పాలు పిండకముందు చీకటితోనే ఒకసారి, పొద్దు గూకే వేళ ఒకసారి అన్నింటినీ విప్పి వాకిట్లో వదులుతాం. ఒకదాని మీద ఇంకొకటి ఎక్కితే, కిందున్నది కదలకుండా నిలబడిందంటే ఎద దానిదే. మీదకెక్కిన ఆవును చూసి చాలామంది పొరబడతారు. తర్వాత తోక ఎత్తి తీగ, అంటే ఎదలో కారే జిగురు, చూస్తాం. గాజులా తేటగా, తెగకుండా కిందికి జారితే సరైన ఎద. తెల్లగా గానీ పసుపుగా గానీ ఉంటే సూది ఊసెత్తకుండా డాక్టరును పిలవాలి, గర్భసంచిలో చీము ఉండొచ్చు.

సూది వేసే మనిషి దగ్గర ఇంకో చిక్కు. ఊరూరా తిరిగి సూదులు వేసే మా గోపాలమిత్ర అన్న మంచివాడే, కానీ ఫోన్ చేయగానే బండి తీస్తాడు.

“ఇప్పుడే వేసేస్తే పోలా? రేపు నాకు వేరే ఊళ్లున్నాయి.”

“వద్దన్నా, తెల్లారి నువ్వు బయల్దేరేటప్పుడు ఫస్టు మా ఇంటికి రా.”

ఈ మాట అనగలిగితేనే ఈ సూది కొనండి. ఆ అన్న ఫ్లాస్కులో వేడినీళ్లు తెచ్చి, థర్మామీటరుతో 37 డిగ్రీలు చూసి, స్ట్రాను అర నిమిషం ముంచి తీసి, తడి తుడిచి గన్‌లో (సూది వేసే పొడవాటి గొట్టం) పెడతాడు. అంతకుముందు ఒకాయన స్ట్రాను అరచేతుల మధ్య రుద్ది సరిపెట్టేవాడు. ఆయన చేతి మీద మాకు ఒక్కటీ నిలవలేదు. స్ట్రాలు దాచే నైట్రోజన్ క్యాన్ సంగతి కూడా గమనించండి. లోపల మైనస్ 196 డిగ్రీలుండాలి. స్ట్రా కోసం బుట్టను మూతి దాకా ఎత్తి పెట్టి తీరిగ్గా వెతికేవాణ్ణి చూస్తే నాకు టెన్షన్. అందులో మిగిలిన స్ట్రాలన్నీ అక్కడే దెబ్బతింటున్నట్టు.

ఏ పశువుకు వేయాలంటే, ముందు పడ్డలకే, అంటే ఇంకా ఈనని పెయ్యలకే. పదిహేను నెలలు దాటి 250 కేజీల దగ్గరికొచ్చి, రెండు మూడు ఎదలు చక్కగా చూపించిన పడ్డకు కళ్లు మూసుకుని వేయించొచ్చు. తొలిచూలులో ఇంకో లాభం ఉంది. ఆడదూడ సాధారణంగా తూకం తక్కువ కాబట్టి ఈనేటప్పుడు పడ్డ అంత కష్టపడదు. బాగా పాలిచ్చే ఆవుకైతే ఈని 60 రోజులు దాటాక, ఒళ్లు చేసుకుంటున్నప్పుడు ఒక్కసారి వేసి చూస్తాం. నిలవకపోతే తర్వాతి ఎదకు మామూలు సూదే. తిరగపొర్లే (ఎన్ని సూదులు వేసినా నిలవక మళ్లీ ఎదకొచ్చే) ఆవుకు, మాయ పడక ఇబ్బంది పడిన ఆవుకు ఈ ఖరీదు స్ట్రా దండగ. ఏప్రిల్, మే నెలల్లో మేం దీని జోలికే పోం. ఆ ఎండలకు మామూలు సూదే సరిగ్గా నిలవదు.

ధర సంగతి. మొదట్లో ఇది విదేశీ టెక్నాలజీ మీదే నడిచేది, రేటు చూస్తే గుండె గుభేలుమనేది. 2024 అక్టోబరులో మహారాష్ట్రలోని వాశిమ్‌లో ప్రధాని దేశీయ టెక్నాలజీని ప్రారంభించినప్పుడు డోసుకు సుమారు 200 రూపాయలు తగ్గుతుందని ప్రకటించారు. కేంద్ర పథకం రాష్ట్రీయ గోకుల్ మిషన్ కింద సబ్సిడీ కూడా ఉంది, మీ పశువుల ఆసుపత్రిలో అడిగి తెలుసుకోండి. అయితే స్ట్రా రేటు ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది. ఒక్క ఎద పోతే 21 రోజులు పోయినట్టే, ఆ మూడు వారాల మేత, దాణా ఖర్చు స్ట్రా ధరను మించిపోతుంది.

అమ్మేవాళ్లెవరూ చెప్పని ముచ్చట మరొకటుంది. పుట్టినవన్నీ పెయ్యలైతే అవి ఈనే దాకా రెండున్నరేళ్ల పాటు ఒక్క చుక్క పాలు ఇవ్వకుండా తింటాయి. మూడో ఏడు వచ్చేసరికి మా కొట్టంలో పాలిచ్చేవాటికంటే తినేవే ఎక్కువయ్యాయి. నేపియర్ గడ్డి చాలలేదు, రెండు పడ్డల్ని చూడి మీద అమ్మేశాం. మంచి రేటే పలికింది గానీ, నీళ్లూ గడ్డీ లేని రైతుకు ఇన్ని పెయ్యల్ని మేపడమే పెద్ద భారం. ఇప్పుడు మందలో మేలైన మూడు నాలుగింటికే ఈ సూది, మిగతావాటికి మామూలుది.

ఆబోతు నంబరు రాసుకోవడం ఇదివరకటికంటే ఇప్పుడే ముఖ్యం. మగదూడలు ఇంట్లో నిలిచేవి కావు, ఆడవి ఇంట్లోనే పెరిగి ఎదకొస్తాయి. అదే ఆబోతు స్ట్రా మళ్లీ క్యాన్‌లో ఉంటే తండ్రిదే కూతురికి వేసినట్టవుతుంది. స్ట్రా మీద నంబరు ముద్రించి ఉంటుంది, అవతల పడేయకముందు అడిగి తీసుకోండి. మా ఇంట్లో చెవిపోగు నంబరు, ఆబోతు నంబరు, సూది తేదీ, మూడో నెలలో చూడి పరీక్ష తేదీ అన్నీ మా ఆవిడ గోడ క్యాలెండరులోనే రాస్తుంది. గోపాలమిత్ర అన్న ఇప్పుడు గన్ బయటికి తీయకముందే ఆ క్యాలెండరు చూపించమంటాడు.