క్రాకోవ్: ఒక్క రోజు ప్యాకేజీ మాయలో పడకండి

పోలండ్‌లోని క్రాకోవ్‌లో ఏ హోటల్ కౌంటర్ దగ్గర నిలబడ్డా "ఆష్విట్జ్, ఉప్పుగని ఒకే రోజులో" అనే కాగితం చేతిలో పెడతారు. తీసుకోకండి. నాజీలు లక్షలమందిని చంపిన ఆష్విట్జ్ శిబిరం ఊరికి పడమటగా 70 కిలోమీటర్ల దూరంలో ఉంది. వియెలిచ్కా ఉప్పుగని ఆగ్నేయాన, ఊరిని ఆనుకునే ఉంది. ఆష్విట్జ్, బిర్కెనౌ రెండు శిబిరాలూ చూడటానికే కనీసం మూడున్నర గంటలు పడుతుంది. పొద్దున అక్కడ చనిపోయినవాళ్ల సూట్‌కేసుల గుట్టలు చూసి వచ్చిన మనిషికి మధ్యాహ్నం ఉప్పుతో చెక్కిన మరుగుజ్జు బొమ్మలు చూపిస్తే ఏం ఎక్కుతుంది? పెద్దవాళ్లు మాట్లాడరు, పిల్లలు చిరాకు పడతారు, ప్యాకేజీవాడు గడియారం చూసుకుంటుంటాడు.

పైగా ఆష్విట్జ్ స్మారకానికి ప్రవేశ రుసుమే లేదు. పేరుతో, టైముతో పాస్ ఆన్‌లైన్లో ముందే తీసుకోవాలి, గేటు దగ్గర పాస్‌పోర్ట్ చూపాలి, పెద్ద బ్యాగులు లోపలికి రానివ్వరు. గైడ్ కావాలంటే దానికి విడిగా కట్టాలి. క్రాకోవ్ ప్రధాన బస్టాండు నుంచి మామూలు బస్సు గంటన్నరలో దింపుతుంది. ఆ రోజు ఇంకేమీ పెట్టుకోవద్దు.

ఉప్పుగనికి ఇంకో రోజు వెళ్లండి. మెయిన్ స్టేషన్ నుంచి 'వియెలిచ్కా రినెక్-కొపాల్న్యా' దాకా లోకల్ రైలు అరగంట లోపే చేరుస్తుంది. 304 నంబరు బస్సూ ఉంది, కానీ అది సిటీ జోన్ దాటిపోతుంది. ఒకటో జోన్ టికెట్‌తో ఎక్కి దొరికిపోయేవాళ్లు చాలామంది. తనిఖీవాళ్లు మామూలు బట్టల్లోనే ఉంటారు. టికెట్ కొన్నా మిషన్లో పెట్టి ముద్ర వేయించకపోతే అది చిత్తుకాగితమే.

లోపలికి దిగడమే అసలు పరీక్ష. మొదట్లోనే 380 చెక్కమెట్లు, తిరిగి తిరిగి 64 మీటర్ల లోతుకి దింపుతాయి. మొత్తం దారిలో ఎనిమిది వందల మెట్ల దాకా ఉంటాయి, లోతు 135 మీటర్లకు చేరుతుంది. పైకి మాత్రం లిఫ్టే. గని పనివాళ్ల ఇరుకు లిఫ్ట్ అది, దాని ముందు క్యూ కూడా ఉంటుంది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారని సరదాగా తీసుకెళ్లేముందు వాళ్ల మోకాళ్లని అడగండి. మెట్లు దిగలేనివాళ్లకి వేరే దారి ఉంది, ముందే మాట్లాడి ఏర్పాటు చేసుకోవాలి. బయట ఎండ మండుతున్నా లోపల 17, 18 డిగ్రీలే కాబట్టి స్వెటర్ ఉండాలి. గైడ్ లేకుండా వదలరు, ఇంగ్లీషు బృందం టైము చూసి కొనుక్కోండి.

ఇంత కష్టానికీ ఫలితం 101 మీటర్ల లోతులో ఉన్న సెయింట్ కింగా చాపెల్, అంటే ప్రార్థన మందిరం. నేల పలకలు, గోడబొమ్మలు, షాండిలియర్ల పూసలు అన్నీ ఉప్పే. గని కార్మికులు ముగ్గురు, 1896లో మొదలుపెట్టి దశాబ్దాల పాటు చెక్కారు. ఫోటోలో తెల్లగా కనిపించే ఉప్పు ఇక్కడ బూడిద రంగు గ్రానైట్‌లా ఉంటుంది, నిరాశపడకండి.

ఊళ్లో సంగతికొస్తే, సెయింట్ మేరీ చర్చికి 11:40కల్లా చేరండి. వీట్ స్టాస్ అనే శిల్పి 1477 నుంచి 1489 దాకా చెక్కిన బలిపీఠం తలుపులు 11:50కి తెరుస్తారు (ఆదివారం లెక్క వేరు). టికెట్ చర్చిలో ఇవ్వరు, ఎదుటి భవనంలో కొనాలి. ఇది తెలియక తలుపు దగ్గరే పది నిమిషాలు పోగొట్టుకుంటారు. బయటికొచ్చి తలెత్తితే గంటగంటకీ గోపురం మీంచి నాలుగు దిక్కులకీ ఊదే బాకా వినొచ్చు. రాగం మధ్యలోనే తెగిపోతుంది. ఊరి మీదికి దండెత్తిన టాటార్ల బాణం తగిలిన కావలివాడి కథ దానికి చెబుతారు.

వావెల్ కొండ మీద కోటకి, కతీడ్రల్‌కి టికెట్లు వేరువేరు. ప్రాంగణం ఉచితం. ఆదివారం పొద్దున ప్రార్థనలుంటాయి, కతీడ్రల్‌లోకి పర్యాటకుల్ని మధ్యాహ్నం దాకా వదలరు.

రెండో ప్రపంచ యుద్ధంలో తన దగ్గర పనిచేసే యూదుల్ని కాపాడిన షిండ్లర్ ఫ్యాక్టరీకి టికెట్లు ముందే అయిపోతాయి. అక్కడ యంత్రాలు చూద్దామని వెళ్లకండి. అది 1939 నుంచి 1945 దాకా జర్మన్ల చేతిలో క్రాకోవ్ పడ్డ బాధల మ్యూజియం. దొరకకపోతే దగ్గర్లోనే ఘెట్టో (యూదుల్ని బంధించి ఉంచిన పేట) వీరుల చౌరస్తాలో, వాళ్ల గుర్తుగా పెట్టిన ఖాళీ ఇనుప కుర్చీల మధ్య కాసేపు నిలబడండి. దానికి టికెట్ లేదు.

శాకాహారులు చవకగా తినాలంటే 'బార్ మ్లెచ్‌నీ' అనే భోజనశాలలున్నాయి. బంగాళాదుంప, చీజ్ నింపి ఉడికించిన కజ్జికాయల్లాంటి 'పియెరోగి రుస్కీ' అడగండి. కానీ పైన పంది కొవ్వు ముక్కలు చల్లుతారు. 'బెజ్ స్క్వారెక్' అనే మాట నేర్చుకోండి, అంటే అవి వద్దని. జురెక్ సూప్‌లో సాసేజ్ ఉంటుంది. వీధి బండ్ల మీద అమ్మే ఓబ్వజానెక్ రొట్టె పొద్దునే కొనాలి, సాయంత్రానికి తోలులా సాగుతుంది.

ఏటీఎం "మీ కరెన్సీలో మార్చనా?" అంటే వద్దనే నొక్కండి. తేడా పది శాతం పడిందనుకుంటే 400 జ్లోటీలకి (పోలండ్ డబ్బు) 40 పోయినట్టే. ఆ డబ్బుతో బార్ మ్లెచ్‌నీలో ఒక పూట గడిచిపోతుంది.