నంబరు సరిపోయిందని 80,000 పంపాను, వచ్చింది నకిలీ: స్లాబు నాణేలు కొనేవాళ్లు జాగ్రత్త

అమ్మినవాడు ఎవరో మన నాణేల గ్రూపులో ఉన్నవాళ్లకు చెప్పనక్కరలేదు. వారానికి రెండు మూడు స్లాబులు, అంటే గ్రేడు ఇచ్చిన సంస్థ నాణేన్ని పెట్టి మూసేసిన ప్లాస్టిక్ పెట్టెలు, అమ్మకానికి పెడుతుంటాడు. ఈసారి పెట్టింది 1939 నాటి ఆరో జార్జి రూపాయి, నాణేలను పరీక్షించి గ్రేడు ఇచ్చే ఎన్‌జీసీ అనే సంస్థ స్లాబులో, ఎంఎస్ 62 గ్రేడుతో (ఎంఎస్ అంటే చలామణిలో అరగని నాణెం). 1940 నుంచి రూపాయిలో వెండి సగానికి తగ్గింది. అంతకు ముందరి మంచి వెండి రూపాయిల్లో 1939ది దొరకడమే కష్టం, నకిలీలకూ కొదవ లేదు. అందుకే విడి నాణెం జోలికి పోకుండా స్లాబులో ఉన్నదాని కోసం నాలుగేళ్లు ఆగాను.

లేబుల్ మీది నంబరు, గ్రేడు ఎన్‌జీసీ వెబ్‌సైటులో కొట్టాను. సంవత్సరం, రకం, గ్రేడు అన్నీ సరిపోయాయి. డబ్బు పంపేశాను. అదే పేజీలో కింద నాణెం ఫొటో ఉంది. ఫోనులో ఇంకొంచెం కిందికి జరిపి ఉంటే కనబడేది. జరపలేదు. ఇది పూర్తిగా నా తప్పే.

పార్సిల్ వచ్చాక కంప్యూటర్లో ఫొటో పెద్దది చేసి పక్కన పెట్టి చూశాను. ఫొటోలో రాజు చెవి పక్కన గోధుమ రంగు మచ్చ ఉంది. నా చేతిలోని నాణేనికి మచ్చ లేదు, కిరీటం మీది గీతలు కూడా మొద్దుగా ఉన్నాయి. స్లాబు అంచు అతుకు దగ్గర జిగురు మరక కనబడింది. వేలం ఫొటోల్లో లేబుల్ స్పష్టంగా కనిపిస్తుంది కదా, అసలు నాణెం నంబరు ఎక్కడో అలా చూసి నకిలీ స్లాబు మీద అచ్చువేశారు. ఆ నంబరు గల నాణెం ఒకటి ఉందని మాత్రమే వెబ్‌సైటు చెబుతుంది. మన చేతిలో ఉన్నది అదేనని చెప్పదు.

ఫోను చేశాను. మొదట "నంబరు సరిపోయిందా లేదా? ఇంకేం కావాలి?" అన్నాడు. మచ్చ సంగతి చెప్పగానే గొంతు మారింది. "అసలు స్లాబు దాచుకుని నకిలీది చూపిస్తున్నారేమో, మీలాంటివాళ్లను చాలామందిని చూశాను" అన్నాడు. పదిహేనేళ్లుగా నాణేలు సేకరిస్తున్నాను, ఒక్కరి దగ్గరా పైసా ఎగ్గొట్టలేదు. నన్ను దొంగ అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నిద్ర లేదు. పార్సిల్ విప్పుతూ వీడియో తీయలేదు, కాబట్టి అతని మాట అబద్ధమని చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ తర్వాత నా నంబరు బ్లాక్ చేశాడు. నకిలీ స్లాబుకు ఎన్‌జీసీ హామీ వర్తించదు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను.

కొనేవాళ్లు నంబరుతో ఆగకండి. వెబ్‌సైటులోని ఫొటోతో మచ్చ మచ్చా, గీత గీతా పోల్చండి. ఫొటో లేని నంబరైతే తెలిసినవాళ్లకు చూపించకుండా కొనకండి. ఎన్‌జీసీ లాంటి మరో సంస్థ పీసీజీఎస్ స్లాబు 2020 తర్వాతిదైతే అందులో చిప్ ఉందేమో అడగండి, ఉంటే ఫోను ఆనించి చూడవచ్చు. పార్సిల్ విప్పేటప్పుడు మొదటి నుంచి చివరి వరకు వీడియో తీయండి.

నిన్న రాత్రి అతను 1911 రూపాయి పెట్టాడు, రాజు అంగీ మీది ఏనుగు పందిలా ఉందని గొడవ జరిగిన ఆ రూపాయే. అదీ స్లాబులోనే, కింద "నంబరు చూసుకోండి" అని రాశాడు. ఇప్పటికే ఇద్దరు ధర అడిగారు. దయచేసి వాళ్లకు ఎవరైనా ఈ సంగతి చేరవేయండి, నన్ను గ్రూపు నుంచి తీసేశారు.