ఉచిత లాయరా, లోక్ అదాలతా, శాశ్వత లోక్ అదాలతా: ఏది మేలు?

చేతిలో డబ్బు లేనివాడికి సివిల్ గొడవ వస్తే ప్రభుత్వం తరఫున మూడు దారులున్నాయి. మూడింటికీ ఖర్చు ఉండదు కాబట్టి జనం చూసేది ఒక్కటే, ఏది తొందరగా తేలుతుందని. నేను అడిగేది వేరు. మధ్యలో తేడా వస్తే ఎవరిని నిలదీయొచ్చు?

మూడూ 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం కిందివే. 1995 నవంబర్ 9న అది అమల్లోకి వచ్చింది. నిధులు ప్రభుత్వానివి, పగ్గాలు జడ్జీలవి. రాష్ట్ర సంస్థకు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ముఖ్య పోషకుడు, జిల్లా సంస్థకు జిల్లా జడ్జి ఛైర్మన్. పేదవాడి కేసులో అవతలి పక్షం చాలాసార్లు ప్రభుత్వ శాఖే కాబట్టి ఈ ఏర్పాటు నాకు నచ్చుతుంది. ఇదే పని ఏ కలెక్టరేట్‌లోనో పెట్టి ఉంటే కరెంటాఫీసు మీద కేసుకు లాయర్ని ఇచ్చేవారా అని అనుమానం.

ముందు ఉచిత లాయరు సంగతి. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులు ఆదాయంతో పని లేకుండా అర్హులు. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంటుంది. దాన్ని ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం నిర్ణయిస్తుంది. సుప్రీంకోర్టు దాకా వెళ్లే కేసులకైతే ఏడాదికి 5 లక్షలు. కోర్టు ఆవరణలోని న్యాయ సేవా సదన్‌లో దరఖాస్తు ఇవ్వాలి. 15100కు ఫోన్ చేసినా వివరాలు చెబుతారు. దరఖాస్తు తోసిపుచ్చితే పైన ఛైర్మన్‌కు అప్పీలు చేసుకోవచ్చు.

ఈ దారి మీద ఉన్న ఫిర్యాదు అందరికీ తెలిసిందే: "ఫ్రీ లాయరు కదా, వాయిదాకు కూడా రాడు." కొన్నిచోట్ల నిజమే. వాళ్లకిచ్చే ఫీజు తక్కువ, అదీ ఆలస్యంగా వస్తుంది. కానీ నిఘా ఏర్పాటు ఎక్కువున్న దారి కూడా ఇదే. ఉచిత న్యాయ సేవల మీద 2010లో వచ్చిన నిబంధనల ప్రకారం ఈ కేసులు ఎంతవరకు వచ్చాయో చూడ్డానికి పర్యవేక్షణ కమిటీ ఉండాలి. ప్యానెల్ లాయరు, అంటే ఈ సంస్థ జాబితాలో ఉండి మీ కేసు చూసే లాయరు, మీ దగ్గర రూపాయి కూడా తీసుకోకూడదు. పని చేయకపోతే మార్చమని అడగొచ్చు, ప్యానెల్ నుంచి తీసేయొచ్చు కూడా. చిక్కేమిటంటే, మీరు రాసి ఇవ్వందే కమిటీ దానంతట అది కదలడం అరుదు. నోటి మాటగా గుమస్తాకు చెబితే అది ఫైల్లోకి ఎక్కదు. దరఖాస్తు నంబరు వేసి, కాగితం మీద, ఏ తేదీన లాయరు రాలేదో రాయాలి. అన్నిటికన్నా ముఖ్యం, తీర్పు తప్పనిపిస్తే పైకోర్టు తలుపు తెరిచే ఉంటుంది.

ఇరుపక్షాలకూ రాజీ కుదిర్చే లోక్ అదాలత్‌లో ఆ తలుపు దాదాపు మూసుకుంటుంది. రాజీ కుదిరితే వచ్చే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. కోర్టు ఫీజు కట్టి ఉంటే వెనక్కి వస్తుంది. ఒక్క రోజులో పని అయిపోతుంది. ప్రమాద పరిహారం, చెక్ బౌన్స్, బ్యాంకు బాకీ లాంటివాటికి ఇది బాగా పనికొస్తుంది. కానీ జాతీయ లోక్ అదాలత్ రోజున ఎన్ని కేసులు పరిష్కరించారో లెక్కేసి పేపర్లో వేస్తారు. ఆ లెక్క బరువు కొంత బెంచీ ముందు కూర్చున్న ముసలమ్మ మీద పడుతుంది. "తీసుకోమ్మా, మళ్లీ ఎన్నేళ్లు తిరుగుతావు" అనే మాటలో దయ ఉంటుంది, ఒత్తిడీ ఉంటుంది.

అయితే ఇష్టం లేకపోతే సంతకం పెట్టకపోవచ్చు. కేసు తిరిగి కోర్టుకే వెళుతుంది, మీకేం నష్టం లేదు. లోక్ అదాలత్‌కు తీర్పు చెప్పే అధికారమే లేదు. ఒక ప్రమాద కేసులో ఇరుపక్షాల ఒప్పందం లేకుండానే లోక్ అదాలత్ పరిహారం పెంచితే, 2008లో సుప్రీంకోర్టు అది చెల్లదంది. అవార్డును సవాలు చేయాలంటే హైకోర్టులో రిట్ (హైకోర్టు ప్రత్యేక అధికారం కింద వేసే పిటిషన్) ఒక్కటే, అదీ చాలా కొద్ది కారణాల మీద.

శాశ్వత లోక్ అదాలత్ పేరు వినగానే ఇదీ అదే అనుకుంటారు. కాదు. 2002 సవరణతో వచ్చిన దీని పరిధి రవాణా, కరెంటు, నీళ్లు, పోస్టు, ఫోను, ఆసుపత్రి, బీమా లాంటి ప్రజా సేవల వరకే. విలువ కోటి రూపాయలు దాటకూడదు, కోర్టుకు వెళ్లకముందే రావాలి. రాజీ కుదరకపోతే ఇది తీర్పు కూడా చెబుతుంది. ముందు రాజీకి నిజంగా ప్రయత్నించాకే అని 2022లో కెనరా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. ఇక్కడా అప్పీలు లేదు, రిట్ మాత్రమే.

నా లెక్క ఇది. అవతలివాళ్లు కరెంటు, బీమా కంపెనీల లాంటివాళ్లయి, మీ దగ్గర బిల్లులు, రసీదులు ఉంటే శాశ్వత లోక్ అదాలతే మేలు. అక్కడ కంపెనీ మొండికేసినా కేసు ఆగదు. బాకీ ఒప్పుకుని, ఎంతన్న దగ్గరే బేరం మిగిలితే లోక్ అదాలత్. ఆస్తి పంపకం, భార్యకు మనోవర్తి, పొలం హద్దులు లాంటివాటికి మాత్రం ఆలస్యమైనా లాయర్నే పెట్టుకోండి. అన్నదమ్ముల పంపకంలో చెల్లెలి చేత "నాకేం వద్దు" అనిపించి సంతకం పెట్టించుకోవడం మన ఊళ్లలో కొత్త కాదు, ఆ కాగితం లోక్ అదాలత్ అవార్డు అయితే విప్పడం మహా కష్టం.

రాజీకి వెళ్లేటప్పుడు కూడా ఉచిత లాయర్ని వెంట తీసుకెళ్లవచ్చు. డబ్బు ఏ తేదీలోపు, ఏ ఖాతాలో పడాలో అవార్డులో రాయించమనండి. రేపు ఆ డబ్బు పడకపోతే ఈపీ (అవార్డును అమలు చేయించమని కోర్టులో వేసే పిటిషన్) వేయాల్సింది ఆ వాక్యం చూపించే.